కొర్రమేను నిద్ర

చెరువు ఎండిపోయినంత మాత్రాన కొర్రమేను చచ్చిపోదు. బురదలోకి దూరుతుంది. ఆ బురద ఎండి పెంకులా గట్టిపడినా లోపల కదలకుండా పడుకుంటుంది. తొలకరి పడగానే ఏమీ జరగనట్టు లేచి ఈదుకుంటూ పోతుంది. ఈ సంగతి తెలియని పల్లెటూరి మనిషి ఉండడు. అయితే చేప చేసే పని మనిషి ఎందుకు చెయ్యకూడదని పట్టుబట్టి కూర్చున్నది మాత్రం హైమవతి ఒక్కతే.

అది 1915వ సంవత్సరం. సయాం దేశపు పడమటి తీరంలో, తగరం గనుల పక్కన వెదురుతో కట్టిన పొడుగాటి ఇంట్లో ఏడుగురు తెలుగువాళ్ళు తలదాచుకుంటున్నారు. రంగూన్‌లో ఉండగా తెల్లదొరల మీద తిరగబడడానికి ఆయుధాలు కూడబెట్టారని వాళ్ళ మీద వారంట్లు పుట్టాయి. దొరికితే ఉరే. ఎనిమిదో మనిషి హైమవతి మీద మాత్రం ఏ వారంటూ లేదు. తెల్లచీర కట్టిన బాలవితంతువు రాజద్రోహం చేస్తుందని ఏ పోలీసుకీ తోచలేదు. ఆమె రంగూన్ ఆస్పత్రిలో వైద్యం చదువుతూ, తమ్ముడు విశ్వపతి పారిపోతుంటే చదువు సగంలో వదిలేసి వెంట వచ్చేసింది. తల్లీతండ్రీ పోయాక అతన్ని పెంచింది ఆమే. ఇప్పుడు అతనికి ఇరవై నాలుగేళ్ళు. ఒకప్పుడు భీమునిపట్నం తంతి ఆఫీసులో ఉద్యోగం చేసినవాడు. పెరిగి పెద్దవాడయ్యాడన్న సంగతి ఆమెకి మాత్రం ఇంకా సరిగ్గా నమ్మకం కుదరలేదు.

చేప కాలేయం నుంచి తీసిన మందుని ముందు కప్పల మీదా, తర్వాత కుక్క మీదా ప్రయోగించి చూసింది హైమవతి. ఇక మనిషి మీద చూడాలనేసరికి అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. కూర్మన్న లేచి చాప పరుచుకున్నాడు. అతనిది భీమునిపట్నం దగ్గర కొంగవానిపాలెం, జాలరి పల్లె. రంగూన్ రేవులో బస్తాలు మోస్తూ ఉద్యమంలోకి వచ్చినవాడు.

"సేపకి పడితే నాకూ పడద్దప్పా. పుట్టినకాడ్నుంచీ వోటితోనే కదేటి కాపరం" అన్నాడు.

మూడు రోజులు పడుకున్నాడు. ముక్కు దగ్గర అద్దం పెడితే ఆవిరి పట్టలేదు. గుండె మీద చెవి పెట్టి ఎంతసేపు విన్నా చప్పుడు లేదు. విశ్వపతి ఆ చాప పక్కనుంచి కదలలేదు, అన్నం తినలేదు. మూడో రోజు మధ్యాహ్నం హైమవతి ఛాతీ మీద వేడినూనె మర్దించి ముక్కులో మెలకువ తెప్పించే రెండో మందు వేసింది. కూర్మన్న గట్టిగా తుమ్మి కళ్ళు తెరిచాడు. ఇల్లంతా కలయజూసి, "ఇంకా కూడొండనేదేటి?" అని అడిగాడు. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు అందరూ. ఆ పూట ఒకే అరిటాకు చుట్టూ కూర్చుని తిన్నారు. కులం పేరు ఎత్తకూడదనీ, ఒకే కుండలో వండుకుని ఒకే ఆకులో తినాలనీ ఆ ఇంట్లో అడుగు పెట్టిన రోజునే ఒట్టు పెట్టుకున్నారు. ఆ ఒట్టు పెట్టించింది హైమవతే.

వాళ్ళకి ఈ నిద్రతో పనేమిటంటే, యుద్ధం జరుగుతోంది. కిందటేడు జర్మనీ ఓడ వచ్చి మద్రాసు మీద గుళ్ళు కురిపించినప్పటి నుంచి తూర్పుతీరంలో వచ్చే ప్రతి పడవనీ గాలిస్తున్నారు. అందుకని మాసేను సరంగు నడిపే వక్కల పడవ అడుగున చిన్న అర ఒకటి కట్టి, గాలి చొరకుండా గుగ్గిలం దట్టించారు. మెలకువగా ఉన్న మనిషి అందులో ఓ పూట కూడా బతకలేడు కనక, అక్కడ మనుషులుంటారని ఎవరికీ అనుమానం రాదు. హైమవతి ముందుగా స్టీమరెక్కి, సింహాచలం యాత్రకని చెప్పి దిగి, కొంగవానిపాలెంలో కాచుకుని ఉండాలి. పడవ రాగానే అర విప్పి అందరినీ లేపాలి. ఉప్పు కొఠారు పక్కనున్న ఠాణాలో తుపాకులు పట్టుకుని మన్యంలో ఎదురుచూస్తున్న వాళ్ళకి చేరవెయ్యాలి. అంతకంటే ముందు, పట్నానికి కబురు పోకుండా విశ్వపతి తంతి తెంపాలి. ఎవరి పని వాళ్ళకే తెలియాలని నియమం. ఒకడు పట్టుబడితే రెండోవాడి గుట్టు బయటపడకూడదు కదా.

స్టీమరెక్కే ముందురోజు అక్క సామాను సర్దుకుంటుంటే విశ్వపతి ఆమె చుట్టూ తిరిగాడు.

"అక్కా, నీకు దారిలో జ్వరం వస్తే? నిన్నెవరైనా పట్టుకుంటే? మేమక్కడ అలా పడి ఉంటాం కదా."

"ఒరేయ్, నిన్ను లేపడం నాకేమైనా కొత్తా? చెంబుడు నీళ్ళు మొహాన కొడితే గాని బడికి లేచేవాడివా నువ్వు?"

"నవ్వకు. నన్నే ముందు లేపు. తంతి పని అవకుండా ఎవరూ కదలడానికి లేదు."

"నిన్నే ముందు లేపుతాను. సరేనా?"

సరే అన్నాడు. ఆ మాట మీద భరోసాతో పక్షం తర్వాత చీకటి అరలో కూర్మన్న పక్కన పడుకుని, సరంగు పోసిన మందు తాగేశాడు. ఆ చేదు నాలుక మీద ఉండగానే నిద్ర పట్టింది.

మెలకువ వచ్చేసరికి అదే చేదు నోట్లో ఉంది. పగటినిద్ర లేచినప్పటి బద్ధకం తప్ప మరేమీ లేదు. పెంకుల కప్పు కనబడింది. పక్కన ఎవరో ముసలావిడ కూర్చుని అతని అరికాళ్ళు రుద్దుతోంది. పాలెంలో కూర్మన్న వాళ్ళ బంధువు కాబోలనుకున్నాడు.

"అక్క ఏదండీ? కూర్మన్న లేచాడా?" అని అడిగాడు.

ముసలావిడ చేతులు ఆగిపోయాయి. "నేనేరా విశ్వం" అంది.

గొంతు అక్కదే. మనిషి మాత్రం అక్క కాదు. జుట్టు ముగ్గుబుట్టయింది, పళ్ళు సగం లేవు. విశ్వపతి ఆ మొహం వంక చాలాసేపు చూశాడు. కనుబొమ్మ మీద చిన్నప్పుడు తను రాయి విసిరి చేసిన గాటు కనబడింది. తన చేతులు చూసుకున్నాడు, ఒక్క ముడతా లేదు. లేవబోతే కాళ్ళు నిలవలేదు.

"ఇది ఏ సంవత్సరం?"

"యాభై రెండు. కంగారుపడకు నాన్నా. ముందు కాస్త జావ తాగు. మనకి స్వరాజ్యం వచ్చేసిందిరా. ఈమధ్యనే వచ్చింది. ఇక నిన్నెవరూ ఏమీ చెయ్యరు."

అతను జావ ముట్టుకోలేదు. మిగతావాళ్ళేరని అడిగాడు. ఆమె చెప్పడానికి మూడు రోజులు పట్టింది. ఒక ముక్క చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఇతను గోడ పట్టుకుని నడక నేర్చుకుంటూ, ఆమె వెనకే వెళ్ళి తర్వాతి ముక్క అడిగేవాడు. మందు తప్పు అయిందేమో, ఒక్కడికే వికటించిందేమో, పడవ మునిగిందేమో అని తనే సాకులు వెతికి అందించాడు. ఆమె ఒక్కటీ అందుకోలేదు. అబద్ధమాడకుండా చెప్పడానికి ఆ మూడు రోజులూ ప్రయత్నించిందని అతనికి తర్వాత అర్థమైంది. అప్పటికీ పూర్తిగా సఫలం కాలేదు.

జరిగింది ఇది. తెల్లవారేసరికి పడవ పాలెం చేరింది. అర విప్పి ఏడుగురినీ ఇసుకలో పడుకోబెట్టారు. వేడినూనె, రెండో మందు పట్టుకుని హైమవతి ముందుగా తమ్ముడి దగ్గరికే వెళ్ళింది. అతని తల ఒళ్ళో పెట్టుకుంది. లేపితే సాయంత్రానికి తుపాకుల ముందుంటాడు. లేపకపోతే ఉండడు. అంతే తోచింది ఆమెకి. ఆ తల దించి పక్కనున్న కూర్మన్నని లేపింది. ఆ తర్వాత మిగిలిన అయిదుగురినీ లేపింది. విశ్వపతి మాత్రం లేవలేదనీ, నిద్రలోనే ప్రాణం పోయిందనీ చెప్పింది.

"కూర్మన్న నమ్మాడా?" అన్నాడు విశ్వపతి. "నేను వాడి చాప పక్కన మూడు రోజులు కూర్చున్నానే. ఆ నిద్ర ఎలా ఉంటుందో వాడికి తెలుసు. నన్ను పట్టుకుని కుదిపి చూడలేదా?"

హైమవతి పొయ్యి వైపు తిరిగి మాట్లాడింది. "చూడబోయాడు. మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి చాపాడు. బ్రాహ్మల శవం, నువ్వు ముట్టకూడదు, బండిలో భీమిలి తీసుకెళ్ళి మా కర్మలేవో నేను చేసుకుంటానన్నాను."

విశ్వపతి గోడ పట్టుకుని ఆమె మొహం కనబడేలా పొయ్యి పక్కకి వచ్చాడు.

"చెయ్యి వెనక్కి తీసుకున్నాడురా. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. లేచి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. వాళ్ళ పల్లెలో సముద్రం మీద పోయినవాణ్ణి పొద్దెక్కకుండా ఇసుకలో పెట్టాలి. శవాన్ని ముట్టకూడదన్నాను కదా, అందుకని నీ కండువా పెట్టి దిబ్బ పోశారు. అందరూ తలో గుప్పెడు ఇసుక వేశారు. నేనూ వేశాను."

ఒకే ఆకు చుట్టూ కూర్చుని తిన్న చేతుల్లో ఒక చెయ్యి ఇసుకలో మోకరిల్లి వెనక్కి పోవడం విశ్వపతికి కళ్ళకి కట్టినట్టయింది. ఒళ్ళు మండింది. ముప్ఫై ఏడేళ్ళు దొంగిలించినందుకు కంటే ఆ ఒక్క మాట అన్నందుకే అక్క మీద అసహ్యం పుట్టింది. ఆ అసహ్యం పుట్టినందుకు మళ్ళీ ఏడుపొచ్చింది. ఎందుకంటే అప్పటికే ఆ ఇల్లంతా చూశాడు.

అది భీమిలిలో పాత ఉప్పు కొఠారు వెనక ఇల్లు. ముందు గది ఆడవాళ్ళకి మందులిచ్చే ఆస్పత్రి. వెనక గదికి ఎప్పుడూ తాళం. ఊళ్ళోవాళ్ళు డాక్టరమ్మ అక్కడేదో దేవతని పూజిస్తుందనుకునేవారు. ప్రతి ఎండాకాలం, బ్రాహ్మణ వితంతువు స్వయంగా చెరువుల వెంట తిరిగి ఎండిన బురద పెళ్ళలు తవ్వించి ప్రాణమున్న కొర్రమేను కొనడం చూసి నవ్వుకునేవారు. అయినవాళ్ళు గుమ్మం ఎక్కడం మానేశారు. లేపితే తెల్లవాళ్ళు ఉరి తీస్తారని ఆమె అమావాస్యకీ పున్నమికీ తమ్ముడి నోట్లో మందు పోసింది. పుళ్ళు పడకుండా రోజుకి నాలుగుసార్లు అతన్ని ఒత్తిగిల్లజేసింది. గోళ్ళు తీసింది. ఊరు విడిచి ఒక్క రోజు ఎక్కడికీ వెళ్ళలేదు. ఇప్పుడు చేతులు వణికి సీసా పట్టుకోలేకపోతోంది. గుండె నేడో రేపో అన్నట్టుంది. తను పోతే వెనక గదిలో ఒక మనిషి ఉన్నాడని ఎవరికీ తెలియదు కనక లేపింది.

అది కూడా చెప్పింది. కాని, మిగతా ఆరుగురూ ఎలా పోయారని అడిగితే మాత్రం, "పోరాడి పోయారు" అని ఊరుకుంది.

కాళ్ళు కాస్త నిలదొక్కుకోగానే విశ్వపతి అక్కతో చెప్పకుండా సముద్రం వెంట కొంగవానిపాలెం బయల్దేరాడు. దారిలో ఎదురుగా ఖాకీ బట్టలు కనబడేసరికి గబుక్కున తెప్ప చాటుకి దూరి కూర్చున్నాడు. పోలీసు దగ్గరికొచ్చి వంగి చూశాడు.

"ఏటి బాబూ, కడుపునొప్పేటి?"

కాదని తలూపాడు. ఆ పోలీసు అగ్గిపెట్టె ఉందా అని అడిగి, లేదంటే తన దారిన తను పోయాడు. వాడి టోపీ మీద రాజుగారి కిరీటం లేదు. విశ్వపతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇదే చూడాలని కదా సముద్రం దాటింది. చూస్తున్నాడు, కాని ఇందులో తన చెయ్యి ఎక్కడా లేదు.

పాలెం చివర ఇసుకదిబ్బ మీద నల్లరాయి నిలబెట్టి ఉంది. దాని మీద ఏడు పేర్లు చెక్కారు. ముందు పోయినవాడు కనక మొదటి పేరు అతనిదే. ఒక ముసలామె చీరకొంగుతో ఆ రాయి తుడుస్తోంది. పేరు నూకాలట. కూర్మన్న పెళ్ళాం. పెళ్ళయిన కొత్తలోనే అతను రంగూన్ వెళ్ళిపోయాడు.

"మొదటి పేరాయన మావాళ్ళే" అన్నాడు విశ్వపతి. అబద్ధం కాదు కదా అనుకున్నాడు.

నూకాలు అతని మొహంలోకి చూసింది. "అదే, ఎక్కడో సూసినట్టుంది. మావోడు ఆ పంతులుబాబు గురించి తెగ సెప్పీవోడు. జైల్లో సూడ్డానికెల్తే ఎప్పుడూ అదే మాట. పంతులుంటే మేం దొరకం గదే నూకాలూ, అని."

"ఎందుకని?"

"తీగల పని ఆ బాబుదంట. ఈలు సూసినకాడికి స్తంబాల మీద తీగ తెంపినారు. బూమిలోంచి ఇంకోటెల్లిందని ఆ బాబుకే ఎరిక. పొద్దుగూకేతలికి పట్నం నుంచి పటాలం దిగిపోనాది. ముగ్గుర్ని ఈడే కాల్సీసినారు. మావోడ్నీ, ఇంకో ఇద్దర్నీ జైలుకట్టుకెల్లి ఉరేసినారు."

విశ్వపతి ఆ రాయి పక్కనే కూలబడ్డాడు. ఇసుకలో రెండడుగుల లోతున పోయే ఆ రెండో తీగ అతనికి ఎప్పుడూ తెలుసు. ఎక్కడ తవ్వాలో ఇప్పుడైనా చూపించగలడు. నియమం ప్రకారం ఎవరికీ చెప్పలేదు. తనే ఉంటాడు కదా, చెప్పడమెందుకని కూడా అనుకున్నాడు. అక్క తనని ఒక్కణ్ణి దాచుకుంది. దాచుకుని మిగతా ఆరుగురినీ చేజేతులా పంపించింది. ఆమెకి అప్పుడు తెలియకపోవచ్చు. తర్వాత తెలుసు. తెలిసే పొయ్యి వైపు తిరిగి మాట్లాడింది.

"ఇప్పుడు పరవానేదు బాబూ" అంది నూకాలు అతని మొహం చూసి. "జెండా పండక్కి దండలేత్తారు. పిల్లలకి బిళ్ళలు పంచుతారు. అయిదేళ్ళబట్టీ ఏటా సేత్తన్నారు."

"అయిదేళ్ళా?"

"మరి, సొరాజ్జెం వొచ్చి అయిదేళ్ళు కానేదేటి?"

అతను ఇంటికి వచ్చేసరికి హైమవతి గుమ్మంలో నిలబడి ఉంది. ఎక్కడికి వెళ్ళావని అడగలేదు.

"ఉరి తీస్తారని లేపలేదన్నావు. సరే. తెల్లవాళ్ళు పోయి అయిదేళ్ళయిందట. ఈ అయిదేళ్ళూ ఎవరు ఉరి తీస్తారని లేపలేదు?"

ఆమె గుమ్మం పట్టుకుంది. "లేపుదామని ఆ రోజే నూనె కాచాను. ఊరంతా బాణాసంచా కాలుస్తున్నారు. నీ పక్కన కూర్చున్నాను. లేవగానే కూర్మన్న ఏడంటావు కదా. ఏం చెప్పను? రేపు లేపుదాంలే అనుకున్నాను. రోజూ అలాగే అనుకున్నాను. నీ మొహం చూడలేకపోయానురా."

"చచ్చిపోతానని భయమేసి లేపావు. లేకపోతే లేపేదానివి కాదు."

ఆమె కాదనలేదు. కాదని ఉంటే బాగుండుననిపించింది విశ్వపతికి. ఈ మనిషే తనని ఎత్తుకుని పెంచింది. ఈ మనిషి చేతిలోనే నిశ్చింతగా నిద్రపోయాడు. శత్రువు మోసం చేస్తే తిట్టుకోవచ్చు, చంపొచ్చు. ఈమెని ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు.

"నాతో రా. నాకు చెప్పింది నూకాలుకి కూడా చెప్పు" అన్నాడు.

ఎడ్లబండి కట్టించి మర్నాడు సాయంత్రం పాలెం తీసుకెళ్ళాడు. నూకాలు గుడిసె ముందు వల బాగుచేసుకుంటోంది. డాక్టరమ్మని చూసి లేచి పీట వేసింది. హైమవతి కూర్చోలేదు. నిలబడే చెప్పింది, మొదటి నుంచి చివరి దాకా. అన్ని ముక్కలూ ఒక్కసారే చెప్పింది. నూకాలు వల కింద పెట్టి విశ్వపతి దగ్గరకొచ్చి, గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకి తిప్పి చూసింది.

"అవును. ఆ దినం జావట్టుకొచ్చినాను. ఇసకలో పడుకున్న మొకం ఇదే" అంది.

తిడుతుందనుకున్నాడు విశ్వపతి. జుట్టు పట్టుకుని ఈడ్చినా సరే, తను అడ్డు వెళ్ళకూడదనుకున్నాడు. నీ తమ్ముణ్ణి లేపి ఉంటే నా మొగుడు బతికేవాడు కదా అని ఆమె అడుగుతుంది. అది వినడానికే అక్కని ఇంత దూరం తెచ్చాడు.

నూకాలు హైమవతి వైపు తిరిగింది.

"అయితే డాక్టరమ్మా, ఆ మందు ఒక్కరికే సరిపోనాదేటి?"

హైమవతికి ఆ మాట అర్థం కాలేదు. విశ్వపతికీ కాలేదు.

"ఏడుగురూ వరసగా పడుకున్నారు. నీవోడి పక్కన మావోడే కదా. ఆడ్నీ అలాగే పడుకోనిచ్చి ఒగ్గీకపోనావా? నాకప్పగిత్తే నాను సూసుకోనా? సేపలంటావా, మా ఇంట్లో నేవేటి? నువ్వు కొనుక్కున్నావు, నాను పట్టుకునీదాన్ని."

"నూకాలూ..." అంది హైమవతి.

"దేశం కోసం ఎల్లినాడు, పోనాడు, దానికి నానేడవడమేటని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఒగ్గీడానికి ఈలుందని నాకెవులూ సెప్పనేదు." ఆమె గొంతు పెరగలేదు. కళ్ళు మాత్రం నిండాయి.

విశ్వపతి తల దించుకున్నాడు. ఆమె ముందు నిలబడి తనని ఎందుకు లేపలేదని ఎవరినైనా అడగడానికి ఇక అతనికి నోరు రాదు. అయినా ఒక మాట అడగకుండా ఉండలేకపోయాడు.

"అతన్ని మీకప్పగించి ఉంటే, మీరు లేపేవారా అమ్మా?"

నూకాలు కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది.

"లేపనా మరి? సొరాజ్జెం వొచ్చిన పూటే లేపీదాన్ని. ముందు కూడెట్టీసి, ఎవులెవులు పోనారో నానే సెప్పీదాన్ని. పక్కలో కూకుని ఏడ్సీదాన్ని."

హైమవతి ఉన్నచోటనే ఇసుకలో కూర్చుండిపోయి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. నూకాలు వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఆమె ముందు పెట్టింది. పొద్దు గూకాక బండివాడు వచ్చి వెళ్దామా అని అడిగాడు. విశ్వపతి అక్కని లేవదీసి బండెక్కించి, నువ్వు పద అని చెప్పి, తను పాలెంలోనే ఉండిపోయాడు.